రెండు వందల యూనిట్ల గీత

నెలకు 200 యూనిట్లు కాల్చిన ఇంటికి తెలంగాణలో ఇప్పుడు జీరో బిల్లు వస్తుంది. 201 కాలిస్తే మొత్తం బిల్లు కట్టాలి. ఆ ఒక్క యూనిట్ ఖరీదెంతో ఒకసారి లెక్క వేసి చూడండి. 2022లో వచ్చిన గృహ విద్యుత్ రేట్ల ప్రకారం, 200 దాటిన ఇంటికి మొదటి రెండు వందల యూనిట్లకు ఒక్కోదానికి 5 రూపాయల 10 పైసలు, ఆపై యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు పడుతుంది. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం దానికి అదనం.

గృహజ్యోతి పేరుతో 2024 మార్చి నుంచి ఇది అమలవుతోంది. రేషన్ కార్డు ఉండాలి, కుటుంబానికి ఒక్క మీటరుకే వర్తిస్తుంది, అద్దెకున్నవాళ్లకూ ఇస్తారు. పేదల ఖర్చు తగ్గించడానికి వచ్చిన పథకమిది. పొదుపు నేర్పాలని వచ్చింది కాదు. అయినా ఒక్క యూనిట్ దగ్గర చెయ్యి ఆపినందుకు వెయ్యి రూపాయలు మిగిల్చే ఏర్పాటు పొదుపు కోసమే పుట్టిన పథకాల్లో కూడా అరుదు. ఆ గీత మీదే చెన్నూరులో ఒక ఇంట్లో వాదం మొదలైంది.

మంచిర్యాల నుంచి జైపూర్, భీమారం మీదుగా 63వ నంబరు జాతీయ రహదారిలో వస్తే గోదావరి ఒడ్డున తగులుతుంది చెన్నూరు. నది ఇక్కడ ఉత్తరానికి మళ్లి పారుతుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 నుంచి మంచిర్యాల జిల్లా, 2018 నుంచి మున్సిపాలిటీ. చుట్టూ పత్తి చేలు, ఒక పక్క అడవి, వచ్చే దారి పొడుగునా బొగ్గు గనులు.

వాదించుకున్న ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. పెద్దాయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ వాడకట్టులో ఎవరి మోటరు కాలినా ముందు ఆయనకే ఫోన్ పోతుంది. తమ్ముడి కూతురు మహిళా సంఘాలకు ఆర్పీ (రిసోర్స్ పర్సన్). సంఘాల పొదుపులు, బ్యాంకు లింకేజీ, తడి చెత్త పొడి చెత్త, ఇంటింటి సర్వే, ఏది వచ్చినా ఆమె మీదే పడుతుంది. ఆమెకు ఆయన పెద్దబాపు. ఆయనకు ఆమె బిడ్డ. కరెంటైనా నీళ్లైనా దండుగ చేయడం తప్పన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. ఆ దండుగను మనుషుల చేత మాన్పించేదేమిటన్న దగ్గరే పడదు.

"పైసలు," అన్నది ఆమె. "మనిషికి లాభం కనవడాలె పెద్దబాపు. కనవడితే చేస్తరు. మా సంఘం ఆడోళ్లను చూడు. ఎండకాలం నెల నడుమకు వచ్చిందంటే మీటరు కాడికి పోయి చూస్తున్నరు. నూట యాభై దాటిందంటే కూలర్ బంద్. ఇదివరకు ఇంట్ల మీటరు ఏ గోడకున్నదో తెల్వనోళ్లు వాళ్లు."

"నూట యాభై కాలేటోళ్లు చూస్తరు బిడ్డా. అరవై కాలేటోళ్లు ఎందుకు చూడాలె? ఆ ఇంట్ల లైటు పగలంత వెలిగినా జీరో, ఆర్పినా జీరో. మూడు వందలు కాలేటోడు సుత చూడడు. ఎట్లైన కట్టుడే కద అంటడు."

పెద్దాయన మాట లెక్కకు నిలుస్తుంది. గీతకు దగ్గరగా ఉన్న ఇళ్లకే ఆ గీత కనిపిస్తుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటే, కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల సరిపెడుతుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు మొదటిది 36 యూనిట్లు, రెండోది 14 చిల్లర. తేడా ఇరవై ఒకటికి పైనే. నూట తొంభై దగ్గర ఊగిసలాడే ఇంటికి ఆ ఇరవై ఒక్క యూనిట్లు వెయ్యి రూపాయలు. అరవై కాలే ఇంటికి వాటి విలువ సున్నా. కొత్త ఫ్యాన్ ఖరీదు మాత్రం ఇద్దరికీ ఒకటే, మామూలు ఫ్యాన్ కన్నా ఎక్కువే.

ఆ యూనిట్లు ఎక్కడ పుడుతున్నాయో చెన్నూరు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచిర్యాల బస్సెక్కితే జైపూర్ మండలం పెగడపల్లి దగ్గర సింగరేణి థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనిపిస్తాయి. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. 2016 ఆగస్టు 7న ప్రధాని జాతికి అంకితం చేశారు. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్ కరెంటుకు అర కిలోకు పైనే బొగ్గు కాలుతుంది. ఒక ఇంట్లో ఒక ఫ్యాన్ మారితే నెలకు పది కిలోలకు పైగా బొగ్గు గనిలోనే ఉంటుందన్నమాట. జీరో బిల్లు కాగితం మీద ఈ పది కిలోలు ఎక్కడా కనిపించవు.

"అదే నేను చెప్పేది," అన్నాడు పెద్దాయన. "ఫ్రీ అంటరు. ఫ్రీ ఎక్కడిది? నీ పైసలు డిస్కంకు సర్కారు కడ్తది. నువ్వు నూరు యూనిట్లు తక్కువ కాలిస్తే మిగిలేది సర్కారుకు. నీ చేతికి ఏమొచ్చె? చేతికి ఏం రాకపాయె, మరి నీ లాభం ముచ్చట ఏమాయె?"

ఆమె వెనక్కి తగ్గలేదు. "అయితే చేతికి వచ్చేటట్టు చెయ్యాలె. పంజాబ్‌ల చేసిన్రు కద." 2018లో అక్కడ 'పానీ బచావో, పైసా కమావో' అని ఒక పథకం మొదలుపెట్టారు. రైతులకు అక్కడా కరెంటు ఉచితమే. మోటరుకు మీటరు పెట్టి, ఇన్ని యూనిట్లు నీ వాటా అని ముందే చెప్పి, వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయల చొప్పున రైతు ఖాతాలో వేశారు. వాటా దాటితే జరిమానా లేదు. ఉచితాన్ని తీసేయకుండానే పొదుపుకు విలువ కట్టిన పద్ధతి అది. "ఇక్కడ సుత గట్లనే చేయొచ్చు. రెండు వందలల్ల ఎన్ని మిగిలితే అన్నిటికి యూనిట్‌కు రూపాయి. అరవై కాలేటోళ్లకు నెలకు నూట నలభై వస్తది. వాళ్లు మీటరు చూడరా చెప్పు?"

పెద్దాయన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. మాట బల్బు మీదికి మళ్లించాడు.

"అరవై క్యాండిల్ బల్బు ఎన్నేండ్లు వెలిగించినం మనం? అది ఎట్ల పోయింది? ఎవ్వనికన్న బహుమానం ఇచ్చిన్రా? ధర దిగింది, మారింది. అంతే."

ఇందులో నిజం చాలా ఉంది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకంలో వినియోగదారుకు బడ్జెట్ సబ్సిడీ లేదు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ కోట్ల సంఖ్యలో బల్బులు ఒక్కసారే కొంటానంటూ టెండర్లు పిలిచింది. 2014లో ఒక్కో బల్బు 310 రూపాయలకు కొన్న సంస్థ 2016 నాటికి 38 రూపాయలకు కొన్నది. దేశంలో 36 కోట్లకు పైగా బల్బులు ఆ దారిలో ఇళ్లలోకి చేరాయి. అదే రోజు మొదలైన వీధి దీపాల పథకానిదీ ఇలాంటి ఆలోచనే. ముందు ఖర్చు సంస్థ పెడుతుంది, మున్సిపాలిటీ కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో కొన్నేళ్లపాటు తిరిగి కడుతుంది. అవార్డూ లేదు, ఉపన్యాసమూ లేదు.

"ధర దిగుడు సుత లాభమే కద పెద్దబాపు. నువ్వు నా మాటనే నీ నోటితోని చెప్తున్నవ్."

"సగమే చెప్పిన, మిగిలింది విను. బల్బు చౌకయినంక ఏమైంది? దర్వాజకొకటి, గేటుకొకటి, బాత్రూంల ఒకటి, సందులకు ఒకటి. ఒక్క బల్బు ఉన్నప్పుడు ఆర్పి పండుకునేటోళ్లు. ఇప్పుడు తెల్లారేదాక వెల్గుడే. తక్కువ తింటది గద అంటరు."

బొగ్గు దేశం మనిషికి ఈ అనుమానం రావడం సహజం. 1865లో ఇంగ్లండ్‌లో విలియం స్టాన్లీ జెవాన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు మీద పుస్తకం రాస్తూ ఇదే అన్నాడు: ఆవిరి యంత్రాలు మెరుగై తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయడం మొదలుపెట్టాక దేశంలో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. యంత్రం చౌకగా నడిస్తే యంత్రాలు పెరిగాయి. చెన్నూరు గేటు మీది బల్బుకు ఇది కొంత వర్తిస్తుంది, పూర్తిగా కాదు. అరవై వాట్ల బల్బు చేసే పని తొమ్మిది వాట్ల ఎల్ఈడీ చేస్తుంటే, ఒకటికి నాలుగు వెలిగించినా 36 వాట్లే. అంధకారంలో ఉన్న సందులోకి వెలుతురొస్తే అది దండుగ కిందికి రాదు కూడా. ఈ ఒక్క చోట పెద్దాయన లెక్క తప్పినట్టే.

సోలార్ మాట వచ్చేసరికి మాత్రం ఆయన చెప్పింది కాదనడం కష్టం.

ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించే పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, ఆపైన 78 వేలు కేంద్రం సబ్సిడీ. దేశం మొత్తం మీద కోటి ఇళ్లు లక్ష్యం, 75 వేల కోట్ల రూపాయల పైన కేటాయింపు. సరిగ్గా అదే ఫిబ్రవరి చివర్లో రాష్ట్రంలో గృహజ్యోతి ప్రారంభమైంది. ఒక పథకం నీ బిల్లు తగ్గిస్తాను, పలకలు పెట్టుకో అంటుంది. రెండోది నీకసలు బిల్లే లేదు అంటుంది. రెండూ ఒకే గడప ముందు నిలబడితే బీదింటి మనిషి ఏది పట్టుకుంటాడో చెప్పనక్కర్లేదు.

"నేను ఎన్ని ఇండ్లు తిరిగిన్నో నాకే తెలుసు," అన్నది ఆమె. "బిల్లు రాని ఇంటికి పోయి పలకలు పెట్టుకొమ్మంటే నవ్వుతున్నరు. పెట్టుకుంటున్నది ఏసీలున్న ఇండ్లోళ్లు, షాపులోళ్లు, సార్లు. అరవై వేల సబ్సిడీ వాళ్లకే పోతున్నది. గది నాకు సుత కష్టమే అనిపిస్తది."

"ఇంకోటి మరిచిపోయినవ్. గూనపెంకల ఇంటి మీద పలకలు ఎక్కడ పెడ్తవ్? రేకుల ఇంటి మీద ఎక్కుడెట్ల? కిరాయికున్నోడు పరాయి మిద్దె మీద లక్ష రూపాయలు ఎందుకు పెడ్తడు?"

"కొండారెడ్డిపల్లిల పెట్టిన్రు కద, ఊరంత."

"అది ముఖ్యమంత్రి ఊరు బిడ్డా. ఖర్చు ఎవరో ఒకరు పెట్టిన్రు. మనకెవరు పెడ్తరు?"

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో దాదాపు ఇళ్లన్నిటికీ సోలార్ పెట్టిన మాట నిజమే. ఒక ఊరిని ఎంచుకుని మొత్తం ఖర్చు ఇంటివాళ్ల మీద పడకుండా చేస్తే సాధ్యమేనని అది చూపిస్తుంది. చెన్నూరుకు పనికొచ్చే నమూనా మాత్రం మహిళా సంఘాల దారిలో ఉందని ఆమె నమ్మకం. సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ ప్లాంట్లు పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పలకలు ఎవరి కప్పు మీదా ఉండనక్కర్లేదు. ఖాళీ జాగలో ఉంటాయి, ఆదాయం సంఘానికి వస్తుంది. రేకుల ఇంటి మనిషికీ అందులో వాటా ఉంటుంది. గోదావరికి అవతల రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయర్ నీటి మీదే 100 మెగావాట్ల పలకలు తేలించింది. 2022 జూలై 1 నాటికి అది పూర్తిగా నడుస్తోంది. జైపూర్‌లో సింగరేణి కూడా 2023లో తన రిజర్వాయర్ మీద ఆ పని మొదలుపెట్టింది. బొగ్గు మీద నడిచే ఈ సంస్థలకు అందినంతగా ఎండ లెక్క ఊరివాళ్లకు ఇంకా అందలేదు.

పెద్దాయన ఇక్కడ తన సర్వీసులోని ముచ్చట బయటకు తీశాడు. వాదంలో అన్నిటికన్నా బరువైన భాగం ఇదే.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. మరుసటి ఏడాది ప్రభుత్వం దానికి షరతులు కలిపింది. మోటరుకు కెపాసిటర్ పెట్టాలి, ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు ఉండాలి, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులు వాడాలి. ఇవన్నీ ఉన్నవాళ్లకే ఉచితం అన్నారు. గడువు పెట్టారు, పొడిగించారు. కాగితం మీద చూస్తే ఇంతకన్నా మంచి ప్రోత్సాహకం ఉండదు. ఉచితం కావాలా, దండుగ మానేయి.

"కెపాసిటర్లు కొన్నరు, కొనలేదని నేను అన," అన్నాడు పెద్దాయన. "ఒడ్డు మీద చెట్టు కింద స్టార్టర్ డబ్బా ఉంటది. దాని పక్కన చిన్న డబ్బా, మూడు వైర్లు. చెకింగ్‌కు వస్తున్నరంటే బిగిస్తరు. పోయినంక చూస్తే డబ్బా అక్కడనే ఉంటది, మూడు వైర్లు ఊడదీసి చుట్ట చుట్టి ఉంటయి. ఎందుకు తీసినవ్ అని అడిగితే, దాంతోని మోటరుకు ఏమన్న అయితదేమో అని భయం అంటడు. ఎవ్వరు చెప్పలేదు ఆయనకు అది ఏం చేస్తదో. పెట్టాలె అని చెప్పిన్రు, ఎందుకో చెప్పలే."

"మరి ఎవ్వరు ఉంచుకోలేదా?"

"ఉంచుకున్నరు. లైన్ చివర ఉన్నోళ్లు. వాళ్లకు వోల్టేజ్ అందకపోతుండె, ఏడాదికి రెండుసార్లు మోటరు కాలుతుండె. వైండింగ్‌కు వేలు పెట్టి, పంట ఎండి, మళ్ల కైకిలి పైసలు పెట్టి, గోస పడ్డోళ్లు. కెపాసిటర్ పెడితే వోల్టేజ్ జర నిలబడ్తది, మోటరు కాలుడు తగ్గుతది అని నేను చెప్పిన. వాళ్లు మాత్రం ఇప్పటికి తియ్యలే. సర్కారు షరతుకు పెట్టినోడు తీసేసిండు, మోటరు కోసం పెట్టినోడు ఉంచుకున్నడు."

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఇదే కథ ఆటో స్టార్టర్ల దగ్గర మళ్లీ నడిచింది. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియని రోజుల్లో రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు; కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేది. రోజంతా కరెంటు ఉన్నప్పుడు అది మోటరును ఆగనివ్వదు, బోరు ఎండేదాకా తోడుతుంది. తీసేయమని అధికారులు ఊరూరా ప్రచారం చేశారు. కరెంటు రేపు కూడా ఉంటుందన్న నమ్మకం కుదిరినచోట రైతులు తీశారు, కుదరనిచోట ఉంచుకున్నారు. ప్రోత్సాహకమంటే డబ్బు ఒక్కటే అనుకునేవాళ్లు ఈ నమ్మకాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పెద్దాయన ఆ ఊపులోనే కన్నెపల్లి దాకా పోయాడు. కాళేశ్వరం ఎత్తిపోతల్లో అక్కడి మోటర్లు ఒక్కొక్కటి 40 మెగావాట్లు. అంటే ఒక్క మోటరు తిరగడానికి రెండు కిలోవాట్ల మిద్దె సోలార్లు ఎండ నిండుగా కాసే వేళ ఇరవై వేల ఇళ్ల మీద పనిచేయాలి. "అటుపక్క గంత కాలుతుంటే నా ఇంట్ల ఫ్యాన్ లెక్క అడుగుతున్నవ్," అన్నాడు. అదే ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్ వెనక నీళ్లు ఎగదన్ని చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి మండలాల్లో చేలు మునిగిన సంగతి ఆయన పైకి అనలేదు గానీ, ఆ కోపం మాటలో ఉంది. 2023 అక్టోబర్‌లో ఆ బరాజ్ పిల్లర్లు కుంగాక కన్నెపల్లి మోటర్లు ఆగాయి. మునిగిన పంటల నష్టం మాత్రం ఏ యూనిట్ లెక్కలోనూ చేరలేదు.

"పెద్దది దండుగైందని చిన్నది దండుగ చేయాల్నా? దాన్ని అడుగుదాం, దీన్నీ చేద్దాం," అన్నది ఆమె. ఆ వాదం అక్కడికి ఆగింది.

చెత్త విషయంలో మాత్రం ఇద్దరూ చెరో ఊరి పేరు చెప్పుకున్నారు. 2019 అక్టోబర్‌లో గోదావరికి అవతలి ములుగు జిల్లాలో కిలో ప్లాస్టిక్ తెచ్చిస్తే కిలో బియ్యం ఇచ్చారు. జనం గోనెసంచులు మోసుకొచ్చారు. ఆ కార్యక్రమం నడిచింది పది రోజులకు కాస్త పైన. "బియ్యం ఆగినంక ప్లాస్టిక్ ఆగిందా?" అని పెద్దాయన ప్రశ్న. ఆమె జవాబు ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖ్రా (కె). అక్కడ పంచాయతీ తడి చెత్తతో వర్మీ కంపోస్టు చేసి అమ్మింది, లక్షల్లో ఆదాయం తెచ్చుకుంది, ఆ డబ్బుతో సోలార్ పలకలు పెట్టుకుంది. ములుగులో ప్రోత్సాహకం బయటి నుంచి వచ్చింది, దాంతోనే పోయింది. ముఖ్రాలో అది చెత్తలోంచే పుట్టింది. ఈ సంవాదంలో ఆమె గెలిచిన చోటు ఇదే, ఆయన కూడా ఒప్పుకున్నాడు.

ఇక ఎండ. చెన్నూరు ప్రాంతంలో మే నెల 45 డిగ్రీలు దాటుతుంది. పొదుపు గురించి మాట్లాడే ఏ మాటైనా ఆ ఎండలో నిలవాలి.

"నీ యూనిట్‌కు రూపాయి ముచ్చట నాకు ఎందుకు మింగుడు పడుతలేదో చెప్త," అన్నాడు పెద్దాయన. ముందు దాటేసిన జవాబు ఇప్పుడొచ్చింది. "మన సందుల రేకుల ఇంట్ల ముసలామె ఒక్కతే ఉంటది. నెలకు నూట నలభై వస్తదంటే ఆమె ఫ్యాన్ బంద్ చేసుకొని కూసుంటది. మందుగోలీలకు అక్కెరకొస్తయి అనుకుంటది. వడదెబ్బ తాకితే? నీ పథకం ఆమె పానం మీద పొదుపు చేస్తది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నూట యాభై దాటగానే కూలర్ బంద్ పెడుతున్న ఆడవాళ్ల గురించి సంబరంగా చెప్పింది తనే. ఆ ఇళ్లలో పసిపిల్లలున్నారు, బాలింతలున్నారు. వాడకం తగ్గించడం వేరు, దండుగ తగ్గించడం వేరు. ప్రోత్సాహకాలు రాసేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తే మొదట చెమటోడ్చేది పేదింటి మనిషే. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరముంది, ఎందుకంటే మీటరుకు ఆ తేడా తెలియదు.

అన్నిటికన్నా చౌకైన పని మీద అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ ఉంది. 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. కప్పు తెల్లగా ఉంటే ఎండ తిరిగిపోతుంది, లోపల కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. చెన్నూరులో 600 గజాల ఇళ్లెన్ని? వేడికి ఉడికిపోయే రేకుల ఇళ్లు, ఒంటి స్లాబు ఇళ్లు అన్నీ ఆ ఐచ్ఛికంలోనే పడ్డాయి. పలకలకు 60 వేలు ఇచ్చే చోట డబ్బా సున్నానికి పైసా లేదు. సున్నం పూస్తే ఫ్యాన్ కిందికి చల్లగాలి వస్తుంది, కూలర్ గంటలు వాటంతటవే తగ్గుతాయి, ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు.

"సరే, యూనిట్‌కు రూపాయి వదిలేస్త," అన్నది ఆమె చివరికి. "సంఘం తరఫున ఫ్యాన్లు ఒక్కసారే కొందం. రెండు వందలు కొంటమంటే కంపెనీ ధర దింపుతది, నువ్వు చెప్పిన బల్బు లెక్కనే. నెలకింత అని సంఘంల కట్టుకుంటరు. ఎండలు ముదరకముందే కప్పుకు సున్నం."

ఈఈఎస్ఎల్ కూడా 2023 నవంబర్‌లో కోటి ఫ్యాన్ల కార్యక్రమం ప్రకటించింది. అదే ఏడాది నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరైంది కనుక ఏ ఫ్యాన్ ఎంత తింటుందో పెట్టె మీదే ఉంటుంది. సంఘం బేరమాడటానికి ఆధారం దొరికినట్టే.

"పాత ఫ్యాన్ ఏం చేస్తరు? పక్క అర్రల బిగిస్తరు," అన్నాడు పెద్దాయన.

"పాతది ఇస్తేనే కొత్తది." ఆ ఏర్పాటు కొత్తదేం కాదు. సీఎఫ్ఎల్ బల్బుల కాలంలో బచత్ లాంప్ యోజన కింద పాత బల్బు తెచ్చిస్తే 15 రూపాయలకు కొత్తది ఇచ్చేవారు.

"కిరాయి ఇండ్లు?"

"ఫ్యాన్ కిరాయోళ్లది. ఇల్లు మారితే పట్టుకపోతరు. సున్నానికే ఇంటోళ్లను ఒప్పియ్యాలె, గదే కష్టం."

"వాళ్లతోని నేను మాట్లాడ్త. రేకుల ఇండ్లు ముందు రాయి. నూట తొంభై కాలేటోళ్లు ఎట్లైన కొనుక్కుంటరు, వాళ్ల పేర్లు ఆఖరికి."

దీనికి ఆమె ఒప్పుకోలేదు. నూట తొంభై వాళ్లు చేరితేనే రెండు వందల ఫ్యాన్ల సంఖ్య నిండుతుంది, కిస్తీలు సరిగ్గా కట్టేదీ వాళ్లే. వాళ్లను వెనక్కి నెడితే కంపెనీ ధర దింపదు, రేకుల ఇంటికీ చౌక ఫ్యాన్ రాదు అన్నది. ఎవరి పేర్లు ముందు రాయాలన్న దగ్గర ఇద్దరికీ ఇంకా కుదరలేదు.